గుండెలో గంట

సంధ్యారాణి స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో తోటకూర తగువు మంచి పాకాన పడి ఉంది.

“పుట్టి బుద్దెరిగిన కాడినుంచీ తింతన్నాను. తోటకూర తిని సచ్చినోల్ని ఒక్కల్ని సూపించరా,” అంటోంది అత్తగారు అప్పలనరసమ్మ, కత్తిపీట ముందు కాళ్ళు బారజాపుకుని.

“తోటకూర తిని చావరమ్మా. తోటకూర తింటే మాత్ర పనిచెయ్యదు,” అన్నాడు త్రినాథరావు. ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. పిల్లలకి ఒకే లెక్కని ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెబుతాడు గాని, తల్లి దగ్గర రెండోసారికే గొంతు లేస్తుంది.

“పని సెయ్యకపోతే మాత్రని తిట్టు. కూరేటి సేసింది? మీ కాలేజీ పిల్లలు పరీచ్చ తప్పితే పక్క కాలేజీవోల్ని కొడతావేటి?”

కూతురు హర్షిత పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సంధ్యారాణి ఎవరి పక్షమూ వహించకుండా వెళ్ళి ముందు కత్తిపీట తీసి అటక మీద పెట్టింది. కూర సంగతి తర్వాత చూసుకోవచ్చు. పోయిన నెల ఇదే కత్తిపీట అంచు అత్తగారి వేలికి తగిలితే, ఆ వెంట్రుకంత గీతకి రక్తం కట్టేసరికి ఒక పూట పట్టింది.

“తీసీయ్. కూర తీసీయ్, కత్తి తీసీయ్. ఇంక నోరొకటి మిగిలింది, అదీ తీసి అటక మీద ఎట్టీయ్,” అంది అప్పలనరసమ్మ.

ఆవిడ గుండెకి లయ తప్పింది. గుండెలో ఎడమవైపు పై గదికి ఆనుకుని బొటనవేలంత సంచి ఒకటి ఉంటుంది. అందరికీ ఉంటుంది, దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, కొన్ని ఆఫీసుల్లో కొన్ని విభాగాల్లాగ. లయ తప్పిన గుండెలో ఆ సంచీలో రక్తం నిలవుండి గడ్డకడుతుంది. గడ్డ కదిలి మెదడుకి చేరిందంటే పక్షవాతం. అలా కాకుండా రక్తాన్ని పలచన చేసే, ఆకుకూరలతో పొసగని మాత్ర ఇచ్చారు. దాంతో ఆవిడకి కడుపులో రక్తం పోయి ఆసుపత్రిలో పడుకోవలసి వచ్చింది. మాత్ర మానితే గడ్డ, వేస్తే రక్తం. “ఇలా ఎంతోకాలం నెట్టలేం,” అని గుండె డాక్టరు కల్పవల్లి తేల్చి చెప్పింది.

మూడో దారి ఒకటుంది. అది సంధ్యారాణి చేతుల్లోంచే వచ్చింది. ఊరి చివర ప్రాంతీయ హృదయ ఉపకరణాల రూపకల్పనా సంస్థలో ఆవిడ ఇంజనీరు. అత్తగారికి జబ్బని తెలియకముందే, ఏళ్ళ తరబడి కూర్చుని, సన్నని తీగలతో చిన్న గొడుగులాంటిది తయారు చేసింది. దాన్ని మడిచి సన్నని గొట్టంలో పెట్టి, తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండె దాకా పంపుతారు. అక్కడ గొడుగు విచ్చుకుని సంచి మూతికి అడ్డం కూర్చుంటుంది. క్రమంగా దాని మీద కండ పెరుగుతుంది. ఇంక ఆ సంచీలోంచి గడ్డ బయటికొచ్చే దారి ఉండదు. మేకల్లో పరీక్షలు బాగా జరిగాయి. మనుషుల్లో మొదటి పరీక్షకి, ఇలాంటి వాటి మంచీచెడ్డా చూసే నైతిక సంఘం ఒప్పుకుంది. ఎవరెవరికి పెట్టాలో డాక్టరు కల్పవల్లి ఎంచింది. అందులో అప్పలనరసమ్మ పేరు కూడా ఉంది. తయారైన గొడుగులు సంస్థ అల్మరాలో తాళం వేసుకుని ఉన్నాయి. తాళం తియ్యమని సంస్థ ఒక్క మాట అనాలి.

సరిగ్గా అప్పుడు దృశ్యఫలిత విధానం వచ్చింది.

ప్రజాధనంతో తయారయ్యే ప్రతి వస్తువుకీ ఫలితం ప్రజల కంటికి కనబడి తీరాలి, కనబడని ఫలితం ఫలితం కాదు అని దాని సారాంశం. పక్క విభాగం వాళ్ళది బీపీ చూసే యంత్రం. దానికి ఇబ్బంది లేకపోయింది. అంకె కనబడుతుంది, అంకె చూసి జనం కంగారుపడతారు, కంగారు కూడా కనబడుతుంది. రెండు ఫలితాల కింద రాసుకున్నారు.

సంధ్యారాణి వంతు వచ్చింది. బల్లకి ఆ చివర సంచాలకులు పరాంకుశంగారు, పక్కన ఈ విధానం అమలు కోసమే వచ్చిన సలహాదారు వైకుంఠరావుగారు.

“మీ ఉపకరణం అమర్చిన పిమ్మట లబ్ధిదారునకు ఏమి సంభవిస్తుంది?” అన్నారు వైకుంఠరావు.

“ఏమీ సంభవించదండి.”

“ఏమీనా?”

“పక్షవాతం రాదు. అందుకే చేసింది.”

“రాకపోవడం అనేది సంఘటన కాదు కదమ్మా. జరగనిదాన్ని మేము ఏ శీర్షిక కింద నమోదు చేయాలి?”

పరాంకుశంగారు గొంతు సవరించుకున్నారు. “సంధ్యారాణిగారూ, మీ కృషిని సంస్థ హృదయపూర్వకంగా అభినందిస్తోంది. అయితే మన గోదాము కాపలాదారు కూడా ఇదే వాదన చేశాడు. ఏమీ జరగలేదు కాబట్టి నేను పనిచేసినట్టే అన్నాడు. మొన్ననే అతన్ని తొలగించాం.”

“తర్వాత ఏమైందండి?”

“తర్వాత దొంగతనం జరిగింది. అది కనబడింది. వెంటనే నమోదు చేశాం.”

పచ్చదీపం ఒకటి పెడితే ఎలా ఉంటుందని వైకుంఠరావు ప్రతిపాదించారు. గుండె లోపల దీపం వెలిగితే ఎవరికి కనబడుతుందని సంధ్యారాణి అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, కనబడనప్పుడు వినబడాలి అని తేల్చారు. దృశ్యం అనగా శ్రవ్యం కూడా అని పైనుంచి వివరణ తెప్పించారు. గొడుగుకి ఒక గంట పెట్టాలి. పూటపూటకీ గుండెలోంచి గంట మోగితే, ఈ పూటకి గండం గడిచిందని లబ్ధిదారుకీ, ఇంట్లోవాళ్ళకీ, వీలైతే ఇరుగుపొరుగులకీ తెలుస్తుంది.

“గంటకి బ్యాటరీ కావాలండి. బ్యాటరీ పెడితే గొడుగు పెద్దదవుతుంది. సంచి మూతిలో పట్టదు.”

“పెద్ద సంచి ఉన్నవారిని ఎంపిక చేయవచ్చు,” అన్నారు వైకుంఠరావు. “మన ప్రజల్లో విశాలహృదయులకు కొదవా?”

గంట ఏ స్వరంలో మోగాలన్నదానికి ఒక ఉపసంఘం పడింది. గుడి గంట అంటే కొందరికి కష్టం. బడి గంట అయితే పెద్దవాళ్ళకి కూడా ఇంటికి పారిపోవాలనిపిస్తుంది. రైల్వే స్టేషన్లో ప్రకటనకి ముందు వచ్చే మోత బాగానే ఉందిగాని, గుండె జబ్బు మనిషికి ప్రయాణం గుర్తుచేయడం శుభం కాదని ఒక సభ్యుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చివరికి, ప్రభుత్వ కార్యాలయాలకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తకముందు వినిపించే సంగీతం ఉంది చూడండి, అది ఖాయమైంది. ప్రజలకి బాగా అలవాటైన స్వరమట.

మళ్ళీ మేకలు వచ్చాయి. గంట గొడుగులు పెట్టించుకుని షెడ్డులో నిలబడ్డాయి. పరిశీలక బృందం వచ్చే వేళకి అన్నిటి గుండెలూ ఒక్కసారి ఆ సంగీతం అందుకున్నాయి. మేకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పెద్దలు చప్పట్లు కొట్టారు. లబ్ధిదారుల అభిప్రాయ సేకరణ తప్పనిసరి గనక ఒక మేక ముందు ప్రశ్నాపత్రం పెట్టారు. మేక తినేసింది. ‘ఉత్సాహంగా స్వీకరించినది’ అని రాశారు.

ఒక మేక గుండెలో మాత్రం గొడుగు మోగి మోగి అదిరి, కూర్చున్న చోటునుంచి జారిపోయింది. మేక పోయింది. పోయాక కూడా గంట కొంతసేపు మోగింది. దాన్ని ‘మన్నిక’ అనే శీర్షిక కింద నమోదు చేశారు.

ఆ పూట సంధ్యారాణి మొదటిసారి బల్ల గుద్దింది. డాక్టరు కల్పవల్లి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, మోగేవి ఏవీ నా రోగుల్లో పెట్టేది లేదని కోప్పడింది. గంట ప్రతిపాదన విరమించారు. ఇంక మొదటి గొడుగులే దిక్కు కదా అని సంధ్యారాణి ఊపిరి పీల్చుకునేలోగా వైకుంఠరావుగారికి ఇంకొక మార్గం తోచింది.

“ఛాయాచిత్రాలు. ఉపకరణానికి పూర్వం ఒకటి, అనంతరం ఒకటి. పక్కపక్కన పెడితే తేడా ప్రజలకు కనబడుతుంది.”

“తేడా ఏముంటుందండి? ముందూ బాగానే ఉంటారు, తర్వాతా బాగానే ఉంటారు.”

“అందుకనే, పూర్వచిత్రంలో బాగుండకూడదు,” అన్నారాయన ప్రసన్నంగా. “అర్హత నిబంధన సవరిస్తున్నాం. ఇప్పటికే ఒక పర్యాయం పక్షవాతం సంప్రాప్తించినవారికే ఉపకరణం.”

“అది రాకుండా ఆపడానికి చేసిన పరికరమండీ ఇది!”

“కాదనడం లేదు. ఒకసారి వచ్చినాక, రెండోసారి రాకుండా ఆపండి. ఎవరు వద్దన్నారు?”

ఇంటికొచ్చి ఈ మాట చెబితే త్రినాథరావు చేతిలో జవాబుపత్రాలు కింద పెట్టేశాడు. “అంటే మా అమ్మకి ముందు కాలూ చెయ్యీ పడిపోవాలి. అప్పుడు మీవాళ్ళు గొడుగు పట్టుకొస్తారు. వాన వెలిశాక!”

“మీవాళ్ళు అనకండి. నేను కాదు రాసింది.”

“జీతం ఎవరిస్తున్నారు మరి?”

అప్పలనరసమ్మ మాత్రం పగలబడి నవ్వింది. లేచి వెళ్ళి బీరువా అద్దం ముందు నిలబడి మూతి ఒక పక్కకి లాగింది. ఒక కన్ను సగం మూసింది. “ఒలే కోడలా, సూడు. ఈ మూతి సరిపోద్దా? ఇంకాస్త లాగమంటావేటి?”

“నానమ్మా, చెయ్యి కూడా వేలాడెయ్యాలి,” అంది హర్షిత.

“ఎడం సెయ్యా, కుడి సెయ్యా? అడిగి రమ్మను మీ అమ్మని. రూల్లో రాసుంటాది.”

అందరూ నవ్వారు. సంధ్యారాణి కూడా నవ్వింది. అత్తగారి మూతి మళ్ళీ మామూలుగా అయ్యేదాకా మాత్రం ఆవిడ మీంచి కళ్ళు తిప్పలేకపోయింది.

ఆ వారంలోనే, పొద్దున్న కాఫీ తాగుతూ తాగుతూ అప్పలనరసమ్మ చేతిలోంచి గ్లాసు జారింది. ఇత్తడి గ్లాసు దొర్లుకుంటూ గడప దాకా పోయింది. మళ్ళీ వేషం మొదలెట్టిందనుకుని హర్షిత నవ్వబోయింది. నానమ్మ ఏదో అనాలని చూస్తోంది, మాట రావడం లేదు. ఆ కళ్ళలో భయం వేషం కాదు. నోటి చివర్నించి కాఫీ కారుతోంది. తుడుచుకుందామన్నా చెయ్యి లేవలేదు.

ఆటో ఆసుపత్రి గేటు దాటేవేళకి మాట తిరిగొచ్చింది. “కొంగు సరిగ్గా లేదు, సరిసెయ్యి,” అంది ముందుగా. పరీక్షలన్నీ చేయించి డాక్టరు కల్పవల్లి సంధ్యారాణిని పక్కకి పిలిచింది. “చిన్న గడ్డ. దానంతటదే కరిగింది. ఇది కబురు మాత్రమే సంధ్యగారూ. ఈసారి వచ్చేది కబురు చెప్పి వెళ్ళిపోదు. మీ అల్మరా ఎప్పుడు తెరుస్తారు?”

సంధ్యారాణి చీర కూడా మార్చుకోకుండా తిన్నగా వైకుంఠరావుగారి గదికి వెళ్ళింది. జరిగింది చెప్పింది. ఆయన మొహం వికసించింది.

“అభినందనలు! అర్హత వచ్చేసినట్టే. ఫోటో తీశారు కదా?”

“లేదండి. ఆసుపత్రికి తీసుకెళ్ళాం.”

“అయ్యయ్యో!” ఆయన నిజంగానే బాధపడ్డారు. “చదువుకున్నవారు, మీరే ఇలా తొందరపడితే ఎలా? పోనీ ఇప్పుడు తీద్దాం.”

“ఇప్పుడు తగ్గిందండి. మాట్లాడుతోంది, చెయ్యి ఆడుతోంది.”

“అయితే చిక్కే.” గొంతు తగ్గించారు. “మన ఉపకరణం లేకుండానే తగ్గిపోయిందంటే అది మన ఉపకరణానికి ప్రతికూల సాక్ష్యం అవుతుంది. మీ మేలు కోరి చెబుతున్నాను, ఈ విషయం బయట ఎక్కడా అనకండి.”

సంధ్యారాణి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. అల్మరా అద్దంలోంచి గొడుగులు కనబడుతున్నాయి. తాను చేతులారా చేసిన వస్తువు, జానెడు దూరంలో. రాజీనామా రాద్దామా అనుకుంది. రాస్తే తనని తీసేస్తారు గాని తాళం తియ్యరు.

మర్నాడు పరాంకుశంగారి నుంచి పిలుపు వచ్చింది. గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. ఆయనే లేచి తలుపు వేశారు. ముచ్చెమటలు పోసి ఉన్నాయి.

“సంధ్యారాణిగారూ, ఒక విషయం. సంస్థాపరమైనది కాదు... ఒక విధంగా సంస్థాపరమైనదే. నాకు కొంతకాలంగా ఇక్కడ,” అని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు, “లయ ఉండటం లేదు. కల్పవల్లిగారికి చూపించుకున్నాను. మాత్ర పడటం లేదు. మన గొడుగు మంచిదంటోంది ఆవిడ.”

“మంచిదేనండి.”

“మోగనిదేనా?”

“మోగనిదే.”

“అదృష్టం,” అన్నారాయన. “మరి ఎప్పుడు...?”

సంధ్యారాణి తలవంచుకుని చాలా వినయంగా అంది. “మీకు పక్షవాతం ఇంకా రాలేదు కదండీ.”

నిబంధన కింద సంతకం ఆయనదే.

“నిబంధన లబ్ధిదారులకు,” అన్నారు చివరికి, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ. “సంస్థాధిపతి లబ్ధి పొందడు. పర్యవేక్షిస్తాడు. ఉపకరణం స్థితిగతులను... లోపలి నుంచి... ప్రత్యక్షంగా పర్యవేక్షించు నిమిత్తం ఒక అధికారి తన దేహాన్ని వినియోగించుటకు విధానంలో అభ్యంతరం ఎక్కడుంది?”

సంధ్యారాణి ఆయన వైపు చూసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో అంత ఉపయోగకరమైన మాట ఆవిడ వినలేదు.

“ఎక్కడా లేదండి. కాకపోతే ఒక్కరు చూసిన పర్యవేక్షణ మన దగ్గర చెల్లదు. పక్కన ఇంకొకరు ఉండాలి. అసలు ఆసుపత్రిలో ఎంచిన వాళ్ళందరినీ గౌరవ పర్యవేక్షకులుగా వేసేస్తే? జీతం ఇవ్వక్కర్లేదు. మెడలో కార్డులు వేద్దాం. కార్డు మీద ఫోటో ఉంటుంది. మన సంస్థ ఇంతమందికి ఉద్యోగాలు ఇచ్చిందని అందరికీ కనబడుతుంది.”

‘కనబడుతుంది’ అనేసరికి పరాంకుశంగారు నిటారుగా కూర్చున్నారు. వైకుంఠరావుగారిని పిలిపించారు. ఆయన విని, కళ్ళు మూసుకుని, “ఉపాధి కల్పన! ఇంతకు మించిన దృశ్యఫలితం ఏముంది!” అన్నారు. అయితే పేర్లు చదువుతూ ఒక దగ్గర ఆగారు.

“ఈ అప్పలనరసమ్మ మీకు...?”

“మా అత్తగారండి.”

“బంధువులకు లబ్ధి చేకూర్చరాదని నిబంధన ఉందే.”

“లబ్ధి కాదు కదండీ, ఉద్యోగం.”

“ఓ, ఉద్యోగమా!” వైకుంఠరావు తేలికపడ్డారు. “బంధువులను ఉద్యోగంలో వేసుకోవడానికి మన దగ్గర పూర్వసంప్రదాయం ఉంది. ఇబ్బంది లేదు.”

మొదటి గొడుగు గురువారం పెడతానని డాక్టరు కల్పవల్లి కబురు పంపింది. ఇక ఎవరు ముందు అన్న ప్రశ్న మిగిలింది. హోదా ప్రకారం మొదటి గొడుగు సంచాలకులవారిదే. కాని ఆయన మహిళలకు పెద్దపీట వేయాలని ఆ క్షణంలోనే నిర్ణయించుకుని, తన అవకాశాన్ని అప్పలనరసమ్మగారికి త్యాగం చేశారు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర సంధ్యారాణి ఇదంతా చెప్పింది. త్రినాథరావు ముద్ద కలపడం ఆపేశాడు.

“ఆయనేమో పెద్ద పదవిలో ఉన్నాడు గనక వెనక నిలబడతాడు, మా అమ్మని ముందుకి తోస్తాడు! మేకల తర్వాత మా అమ్మా?”

“ఎవరో ఒకరు మొదట ఉండాలి కదండీ,” అంది సంధ్యారాణి. “నేనేమీ బలవంతం చెయ్యను. నా చేత్తో చేసింది గనక నేను పెట్టించుకోమని అనకూడదు కూడా. రేపు డాక్టరుగారు అన్నీ చెబుతారు. మంచీ చెబుతారు, చెడూ చెబుతారు. వద్దంటే ఆ మాటే చెప్పేస్తాను.”

“చెడంటే?” అంది హర్షిత.

“గొడుగు జారచ్చు. పెట్టేటప్పుడు గుండెకి గాయం తగలచ్చు. చాలా అరుదు. కాని ఉండదని చెప్పను.”

అప్పలనరసమ్మ కంచంలో పెరుగన్నం నెమ్మదిగా కలుపుకుంటోంది. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి, చాపి చూసుకుంది. గ్లాసు జారిన పొద్దుటినుంచీ అదొక అలవాటైంది.

“నువ్వు సేసిందేనా?” అంది, తలెత్తకుండా.

“నేను చేసిందే, అత్తయ్యా.”

“ఆల్ల సెయ్యి పడిందా దాని మీద?”

“పడలేదు. మొదట ఎలా చేశానో అలాగే ఉంది. తాళంలో ఉంది కదా.”

“తాళమెయ్యడం ఒక్కటీ బాగా సేసినారు మీవోల్లు.”

“అమ్మా, తొందరేం లేదు. ఆలోచించుకుందాం. ఆ పెద్దాయనకి పెట్టాక, ఎలా ఉందో చూసి...” అన్నాడు త్రినాథరావు.

“ఆయన నాకు పెట్టినాక సూద్దామని కూకున్నాడు. నాను ఆయనికి పెట్టినాక సూద్దామని కూకుంటే, ఇద్దరికీ సెయ్యి పడిపోద్ది. మాట పోయినపుడు నీకేటి తెలుసురా? లోపల అన్నీ ఉన్నాయి. నీ పేరుంది, దీని పేరుంది. నోట్లోకి ఒక్కటీ రాలేదు.”

హర్షిత నానమ్మ పక్కకి జరిగి కూర్చుంది.

అప్పలనరసమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కొడుకునీ మనవరాలినీ చూసి, ఆఖర్న కోడలి మొహంలోకి చూసింది.

“గురువారం నాను ఉజ్జోగంలో సేరతన్నాను,” అంది నెమ్మదిగా, అందరికీ వినబడేటట్టు.